బుల్లెమ్మత్తను కాశీకి పంపిందెవరు?

నూజివీడు,
20 ఫిబ్రవరి 1988.

కామేశ్వరి వదినకు,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మామిడి పూత మాకంటే ఇంకా బాగుంది. మీ అన్నయ్య రోజుకు రెండుసార్లు తోటకు వెళ్లి ఆకాశం వంక చూసి వస్తున్నారు. ఎక్కడైనా చిన్న మబ్బు కనిపిస్తే ఆ కోపం ఇంటికొచ్చి నా మీద చూపించి, అన్నం తిని పడుకుంటున్నారు.

అసలు సంగతేమిటంటే, మా ఇంటికి టీవీ వచ్చింది. డాబా మీద ఇనుపగొట్టం నిలబెట్టి, దాని నెత్తిన ఏంటెన్నా కట్టారు. అది బెజవాడ వైపు చూస్తే బొమ్మ వస్తుంది, గాలికి ఏలూరు వైపు తిరిగితే చుక్కలొస్తాయి. గురువారం సాయంత్రం ఏడున్నరకు మా హాలు చూడాలి నువ్వు. వీధిలో ఆడవాళ్లందరూ, మన తోటలో పనిచేసే నాగేంద్రమ్మ, దాని కోడలు, దాని కోడలి అక్క, అందరూ మా ఇంట్లోనే. ఎందుకంటే గురువారం ‘మూడిళ్ల వాకిలి’ వస్తుంది. హైదరాబాదులో మీరూ చూస్తూనే ఉంటారు. ముగ్గురన్నదమ్ములు, మూడిళ్లు, మధ్యలో ఒకే వాకిలి. పెద్దవాడు ఆ వాకిట్లో అడ్డంగా గోడ కడతానంటాడు. పదమూడు వారాల పాటు కడతాడట.

రెండు వారాలు చూశాను. వదినా, అందులో చిన్నకోడలు రోట్లో పప్పు రుబ్బుతుంది. రోట్లో పప్పు లేదు! నాలుగు నిమిషాలు ఉత్త పొత్రం తిప్పింది పిచ్చిది. బావిలో నీళ్లు తోడుతుంటే బావి గోడ కదిలింది. రాసినవాడి పేరు ‘మధుకర్’ అని వేశారు. మగవాడు రాస్తే ఇలాగే ఉంటుంది. జన్మలో వంటింటి గడప తొక్కి ఉండడు.

అన్నిటికంటే ఘోరం బుల్లెమ్మత్త అనే ఒకావిడ. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే నిలబడి ముందు ముగ్గుకు వంక పెడుతుంది, తరవాత కోడలికి, ఆ తరవాత కాఫీకి. ప్రతి మాటకూ ముందు ‘నాకెందుకులే గానీ’ అంటుంది. నాకెందుకులే గానీ, లోకంలో ఎవరైనా అలా మాట్లాడతారా?

ఇదంతా రాసి మా శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టాను. నీకు చెప్పలేదు కదూ, ఆర్నెల్లుగా ఆ బోర్డు నాదే. లైబ్రేరియన్ ఆంజనేయులుగారు ‘పత్రికలు ఆలస్యంగా వస్తున్నాయమ్మా, జనం ఖాళీ బోర్డు చూసి వెళ్లిపోతున్నారు, వారానికో కాగితం ఏదైనా రాసివ్వండి’ అన్నారు. ఇన్నాళ్లూ కరెంటు కోతల గురించీ, హనుమాన్ జంక్షన్ బస్సు గురించీ రాశాను. మర్యాదగా చదివి వెళ్లేవారు. సీరియల్‌ని తిట్టిన కాగితం ముందు మాత్రం సైకిళ్లు ఆగాయి! కింద ఎవడో పెన్సిల్‌తో ‘భేష్’ అని రాశాడు. దాని కింద ఇంకెవడో ‘పొత్రం సంగతి నేనూ చూశాను’ అని రాశాడు. ‘ఒక ప్రేక్షకురాలు’ అని సంతకం పెట్టానే గానీ, నా చేతిరాత ఊళ్లో ఎవరికి తెలియదు?

కార్బన్ కాపీ జతచేశాను. చదివి నవ్వుకో. మా మేనమామ కూతురివి కాబట్టి నిన్ను నవ్వించే బాధ్యత పుట్టుకతోనే నా మీద పడింది.

నీ
హైమవతి.


హైదరాబాదు,
1 మార్చి 1988.

హైమా,

నీ ఉత్తరమూ కాగితమూ అందాయి. మీ అన్నయ్య పాండురంగారావుగారు కాగితం చదివి నవ్వారు. నేనూ నవ్వాను, రెండు చోట్ల.

మా ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. పగలంతా టైపు కొట్టి ఇంటికొచ్చాక వేళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి. అయినా నీ కాగితం గురించి ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

స్టూడియో నేలను తవ్వి బావి కట్టనివ్వరు హైమా. ప్లైవుడ్డుతో చేసి సున్నం కొడతారు. చిన్నకోడలి వేషం వేసిన పిల్ల గట్టిగా తోడింది, అందుకే కదిలింది. రోట్లో పప్పు వేస్తే చప్పుడుకు మాటలు వినిపించవట. ఇవి తప్పులు కావని నేననడం లేదు. చూసినవాళ్లకు చెప్పే హక్కు ఉంది.

కానీ అదే బావి దగ్గర చిన్నకోడలు చెంబు నోటిదాకా తెచ్చుకుని, పెద్దవాడు ‘ఈ బావి కూడా నాదే’ అన్నమాట విని, తాగకుండా నీళ్లు మళ్లీ బావిలో పోసేసింది. అది నీ కాగితంలో లేదే? గోడ కదలడం చూసిన కంటికి అది కనిపించలేదా? తీర్పు చెప్పడానికి కూర్చున్నప్పుడు రెండూ రాయాలి కదా.

అంత ఘోరంగా ఉంటే ప్రతి గురువారం ఎందుకు చూస్తున్నావు?

కామేశ్వరి.


నూజివీడు,
12 మార్చి 1988.

కామేశ్వరి వదినకు,

నీ ఉత్తరం చదివితే నువ్వు టైపిస్టువా, ఆ బావికి మేస్త్రీవా అని అనుమానమొచ్చింది. ప్లైవుడ్డు, సున్నం, పప్పు చప్పుడు... ఇవన్నీ నీకెలా తెలుసు? మీ వీధిలో ఎవరైనా టీవీలో పనిచేస్తున్నారా? ఉంటే చెప్పు, మా ప్రశ్నలు చాలా ఉన్నాయి. పెద్దకోడలు ఐదు వారాలుగా ఒకటే చీర ఎందుకు కడుతోంది? మా వీధంతా కలిసి ఇంకో చీర పంపగలం.

ఎందుకు చూస్తున్నావని అడిగావు. చూడకపోతే ఎలా తిడతాను?

మొన్న గురువారం ఒక వింత జరిగింది. బుల్లెమ్మత్త గొడుగు మడిచి గుమ్మంలో పెట్టి, ‘నాకెందుకులే గానీ, మీ ఇంట్లో సాంబారు వాసన నిన్నటిదిలా ఉందేమిటే?’ అంది. హాలంతా గొల్లుమంది. నాగేంద్రమ్మ గడప దగ్గర కూర్చుని నా వంక చూసి, ‘అమ్మగారూ, ఆవిడ అచ్చం తమరిలాగే మాట్లాడుతుందండీ’ అంది. నవ్వుతున్న వాళ్లందరూ ఒక్కసారి నోళ్లు మూసుకున్నారు. నేనే మళ్లీ నవ్వాల్సి వచ్చింది.

‘ఏంటే నాగేంద్రమ్మా, నేను ఒకరింటికి వెళ్లి వంకలు పెడతానా?’ అన్నాను.

‘అబ్బే, తమరు ఎక్కడికీ వెళ్లరండీ. ఇంట్లో కూర్చునే పెడతారు’ అంది. పొగరు చూశావా! ఈ ఏడాది దానికి కాయలు ఏరే పని తప్ప వేరే పని ఇవ్వకూడదనుకున్నాను.

ఆ కోపంతో ఈ వారం కాగితమంతా బుల్లెమ్మత్త మీదే రాశాను. ‘ఇంత నోరున్న మనిషి ఈ జిల్లాలోనే కాదు, లోకంలోనే ఉండదు. మధుకర్‌గారు ఆడవాళ్ల మాటలు తలుపు చాటునుంచి విని, సగం మరిచిపోయి రాసినట్టుంది. ఈవిడను తీసేస్తే సీరియల్ నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది’ అని. పెన్సిల్ రాతలకు జాగా చాలక ఆంజనేయులుగారు కింద ఇంకో కాగితం అంటించారు. ఆయన తమ్ముడు బెజవాడలో ఒక వారపత్రికలో పనిచేస్తాడు. దీన్ని అతనికి పంపుతానంటున్నారు. నేను మొహమాటానికి ఒకసారి వద్దన్నాను.

పిందె బాగా నిలబడింది. ఈసారి చిన్నరసాలు నీకు బుట్ట పంపుతాను.

నీ
హైమవతి.


హైదరాబాదు,
21 మార్చి 1988.

హైమా,

పత్రికకు పంపవద్దని ఆంజనేయులుగారికి రెండోసారి కూడా చెప్పు.

బోర్డు వేరు, అచ్చు వేరు. బోర్డు చదివినవాళ్లకు నువ్వెవరో తెలుసు. ‘హైమవతమ్మగారు అంతేలే’ అనుకుని నవ్వి ఇంటికి వెళతారు. అచ్చులో పడితే నీ మాట నీది కాకుండా పోతుంది. ఊరూ పేరూ లేని జనమంతా అదే అంటున్నారనుకుంటారు చదివేవాళ్లు. ఆ సీరియల్ మీద ఇరవైమంది బతుకుతున్నారు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. బుల్లెమ్మత్త నీకు అసలు నచ్చలేదా? ఒక్కసారైనా?

ఎండలు మొదలయ్యాయి. జాగ్రత్త.

కామేశ్వరి.


నూజివీడు,
2 ఏప్రిల్ 1988.

కామేశ్వరి వదినకు,

నీ ఉత్తరం వచ్చేసరికే అచ్చయింది! ‘నూజివీడు ప్రేక్షకురాలి ఉత్తరం’ అని పెట్టి, ఒక పక్కన పెట్టె కట్టి వేశారు. ఒక్క అక్షరం మార్చలేదు. గ్రంథాలయంలో ఆ పత్రిక ఒక్క కాపీ వస్తుంది. రెండు రోజుల్లో ఆ పేజీ నలిగి గుడ్డపేలికయింది. మీ అన్నయ్య కొట్టు దగ్గర కాయ బేరానికి వచ్చిన విస్సన్నపేట రైతు ఒకాయన ‘ఆ రాసింది మీ ఇంటావిడేనటగా’ అన్నాడట. మీ అన్నయ్య బేరం మరిచిపోయి ఆయనకు టీ తెప్పించారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా వల్ల ఆయన ఎవరికైనా టీ తెప్పించడం ఇదే మొదలు.

నీకు ఈ సంగతి అర్థం కావాలంటే రాయాలి వదినా. వంట చేస్తే తిని లేచిపోతారు. ఇల్లు ఊడిస్తే తొక్కి వెళ్లిపోతారు. కాగితం రాసి పెడితే మాత్రం జనం నిలబడతారు. ఎర్రటి ఎండలో సైకిల్ మీద ఒక కాలు, నేలమీద ఒక కాలు పెట్టి చదువుతారు. ఎదురుగా బట్టల కొట్లో చీరలు చూస్తున్నట్టు నటిస్తూ నేను గంటసేపు వాళ్లనే చూశాను. ఎక్కడ నవ్వుతున్నారో పెదాలు చూసి చెప్పగలను.

బుల్లెమ్మత్త గురించి అడిగావు. నాకెందుకులే గానీ, ఆవిడ మీద నీకింత దయ ఎందుకు? తిట్టించుకోవడానికే పుట్టిన మనిషి ఆవిడ.

మరో వారం కాగితం జతచేశాను. ఇందులో ఆవిడ గొడుగును కూడా వదల్లేదు.

నీ
హైమవతి.


నూజివీడు,
15 ఏప్రిల్ 1988.

వదినా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నిన్న గురువారం ఏం చేశారో చూశావా? బుల్లెమ్మత్తను కాశీ పంపించేశారు! ఆవిడ స్వయంగా వెళ్లినా బాగుండేది. ఒక్కమాట లేకుండా, పెద్దకోడలు కూరగాయలు తరుగుతూ ‘అత్త కాశీ వెళ్లింది, ఇక అక్కడే ఉంటుందట’ అనేసింది. అంతే. తొమ్మిది వారాలు ముగ్గురిళ్లల్లో దూరి, పెద్దవాడి గోడ గుట్టు బయటపెట్టింది ఆవిడ. చిన్నకోడలు పస్తుంటే కొంగు చాటున గిన్నె దాచి తెచ్చి, ‘మా ఇంట్లో ఎవరూ తినలేదు, పారేయడమెందుకని తెచ్చాను’ అని అబద్ధమాడింది ఆవిడ. అంత మనిషిని రెండు బెండకాయలు తరిగేలోపు కాశీకి పంపేస్తారా?

మా హాల్లో ఏం జరిగిందో చెబితే నమ్మవు. నాగేంద్రమ్మ లేచి ‘ఇంకేం చూస్తామండీ’ అని వెళ్లిపోయింది. సీరియల్ సగంలోనే. దాని వెనక దాని కోడలు, ఆ వెనక ఒకరొకరుగా అందరూ. చివరికి నేనూ మీ అన్నయ్యా మిగిలాం. మీ అన్నయ్య నిద్రపోతున్నారు.

ఆవిడ లేకుండా మిగతా మొహాలు చూస్తుంటే పెళ్లివారు వెళ్లిపోయిన పందిట్లో కూర్చున్నట్టుంది. ఆ చెత్తలో ఒక్క మనిషంటే ఒక్క మనిషి, ఆవిడే! నిజం చెబుతున్నాను, గురువారం ఉదయం నుంచీ ఆవిడ ఏమంటుందా అని ఎదురుచూసేదాన్ని. ఆవిడ అన్నమాటలు శుక్రవారం వంటింట్లో నాలో నేనే అనుకుని నవ్వుకునేదాన్ని.

ఎవడు చేశాడీ పని? ఆ మధుకర్ అనేవాడి అడ్రసు నీకేమైనా తెలిస్తే పంపు. బోర్డు మీద కాదు, నేరుగా రాస్తాను. ఏ నోటితో ఆవిడను కాశీకి పంపాడో అడగాలి.

హైమవతి.


హైదరాబాదు,
23 ఏప్రిల్ 1988.

హైమా,

అడ్రసు పంపమన్నావు. పైన ఉన్నదే.

మధుకర్ అంటే నేనే. ఏడాది క్రితం మా ఆఫీసుకు శ్రీమన్నారాయణగారని ఒకాయన ఏదో కాగితం టైపు చేయించుకోవడానికి వచ్చారు. సీరియల్ తీయబోతున్నారట, ఆ కథ నచ్చక తిప్పలు పడుతున్నారు. టైపు చేస్తూ నేను రెండు మాటలు మార్చాను. అడక్కుండానే. ఆయన చదివి కోప్పడలేదు, ‘మిగతాది కూడా మార్చండమ్మా’ అన్నారు. అలా మొదలైంది. మగపేరు పెట్టమన్నది ఆయన కాదు, నేను. నీ వల్ల పెట్టుకున్నాను.

ఎందుకో చెబుతాను. నాకు పదిహేనేళ్లు, నీకు పదమూడు. వేసవి సెలవులకు విస్సన్నపేటలో తాతయ్య తోటకు వెళ్లాం. నేను నోటుబుక్కులో ఒక కథ రాసుకున్నాను. పరుపు కింద దాచాను. నువ్వు తీశావు. పిల్లలందరినీ కాపలా పాక ముందు కూర్చోబెట్టి, పాత్రకో గొంతు పెట్టి చదివావు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను హైమా, నువ్వంత బాగా చదివావు. అది ఏడుపు కథ. ఆ తరవాత పందొమ్మిదేళ్లు నేను ఇంటి సరుకుల చీటీ తప్ప ఏదీ రాయలేదు.

ఇక బుల్లెమ్మత్త సంగతి. ఆవిడ మాటలు కల్పించడానికి నేను కష్టపడలేదు. నీ ఉత్తరాలన్నీ నా దగ్గర ఉన్నాయి. పెట్టె తీసి చదివి, కాపీ చేసుకున్నాను. మొదటి ఉత్తరంలోనే నువ్వు కనుక్కుంటావనుకున్నాను. నువ్వేమో ‘నాకెందుకులే గానీ, లోకంలో ఎవరైనా అలా మాట్లాడతారా?’ అని రాశావు. ఆ వాక్యం చదివి మీ అన్నయ్యా నేనూ అరగంట నవ్వాం. నాగేంద్రమ్మ ఒక్క మాటలో పట్టేసింది. నిజమైన ప్రేక్షకురాలు ఆవిడ.

పత్రికలో నీ ఉత్తరం పడ్డాక శ్రీమన్నారాయణగారు ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టారు. ‘జనం ఈవిడ సహజంగా లేదంటున్నారమ్మా. ఇలాంటి మనిషి లోకంలోనే లేదట. తీసేద్దాం’ అన్నారు. ‘ఉందండీ’ అన్నాను. ‘ఎక్కడ?’ అన్నారు. ‘ఈ ఉత్తరం రాసింది ఆవిడేనండీ’ అని ఎలా చెప్పను? బెండకాయల మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కాబట్టి ఎవడు పంపాడని అడిగితే, బుల్లెమ్మత్తను కాశీకి పంపింది నువ్వే.

నువ్వు మెచ్చుకోలేదని నాకు బాధ లేదు. నచ్చనిది నచ్చలేదంటే ఎవరైనా పడాల్సిందే. నచ్చినదాన్ని కూడా నచ్చలేదని రాశావే, అది ఏ రకం తీర్పు?

కామేశ్వరి.


నూజివీడు,
1 మే 1988.
(కార్డు)

కామేశ్వరి వదినకు,

ఉత్తరం అందింది. కోతలు జోరుగా ఉన్నాయి, తీరిక లేదు. చిన్నరసాల బుట్ట రేపు పార్సిలు వేస్తున్నాం. అడుగున పెట్టినవి పచ్చివి, రెండు రోజులు ఆగి తినండి.

హైమ.


హైదరాబాదు,
20 మే 1988.

హైమా,

బుట్ట అందింది. కాయలు చాలా బాగున్నాయి. గడ్డి అంతా విదిలించి చూశాను, ఉత్తరం ఏమైనా పెట్టావేమోనని. లేదు.

సీరియల్ అయిపోయింది. గోడ కట్టలేదు. నువ్వు చూశావో లేదో తెలియదు.

పది రోజుల క్రితం శ్రీమన్నారాయణగారు ఒక గోనెసంచితో మా ఇంటికి వచ్చారు. అందులో నూటపాతిక కార్డులు. అన్నీ నూజివీడు నుంచే. సగం వేలిముద్రలు. ‘మా బుల్లెమ్మత్తని కాశీ నుంచి పిలిపించండి’ అని అన్నిటి మీదా ఒకే చేతిరాత. ఆ రాత నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పైన ఆంజనేయులుగారు జతచేసిన పెద్ద కాగితం, బోర్డు మీది దానికి నకలు. దాన్ని నేను ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ఎలా రాశావో మరిచిపోయి ఉంటే గుర్తుచేస్తాను:

‘పది వారాలుగా ఈ బోర్డు మీద ఈ సీరియల్‌ను తిట్టాను. తిట్టినవాటిలో చాలావరకు నిజం. రోట్లో పప్పు లేదు. బావి గోడ కదిలింది. పెద్దకోడలికి ఒకటే చీర. ఇవి ఇప్పటికీ అంటాను. చిన్నకోడలు నీళ్లు తాగకుండా బావిలో పోసినప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అది రాయలేదు. ఏడ్చానని రాస్తే ఎండలో నిలబడి ఎవరు చదువుతారని రాయలేదు. బుల్లెమ్మత్త లాంటి మనిషి లోకంలో లేదని రాశాను. అది అబద్ధం. ఉంది. పెద్ద బజారులో నీళ్ల ట్యాంకు పక్క ఇంట్లో ఉంది. కావలసినవారు సాయంత్రం నాలుగు తరవాత వచ్చి చూడవచ్చు. ఆవిడను రాసింది మా వదిన కామేశ్వరి. ఇట్లు, కె. హైమవతి.’

శ్రీమన్నారాయణగారు ఇది చదివి ‘మధుకర్ అంటే మీరేనని నూజివీడంతటికీ తెలిసిపోయిందన్నమాట’ అన్నారు. ఆ తరవాత ‘ఇంకో పదమూడు వారాలు రాస్తారా, ఈసారి బుల్లెమ్మత్తే ముఖ్యపాత్ర’ అన్నారు. నా పేరు వేస్తేనే రాస్తానన్నాను. ఒప్పుకున్నారు.

నిన్ను అడగకుండా ఈసారి మొదలుపెట్టను. ముందు అడగనందుకు నాదీ తప్పే. నువ్వు వద్దంటే రాయను, నిజంగానే రాయను.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఊరందరి ముందూ బోర్డెక్కి చెప్పావు. నాకు మాత్రం కార్డు మీద మామిడికాయలు ఎలా తినాలో రాశావు. జనం చదువుతారంటే తప్ప నీ కలం నిజం చెప్పదా హైమా?

కామేశ్వరి.


నూజివీడు,
4 జూన్ 1988.

కామేశ్వరి వదినకు,

ఈ ఉత్తరానికి కార్బన్ పెట్టలేదు. ఎవరూ చదవరు, నువ్వు తప్ప. అందుకే రెండు వారాలు పట్టింది.

ఆ నోటుబుక్కు సంగతి గుర్తులేదని రాద్దామనుకున్నాను. రాసి చింపేశాను. గుర్తుంది. నీలం అట్ట. కథలో అమ్మాయి పేరు హైమ. నాకు చెప్పకుండా నా పేరు పెట్టావు. ముందు నేనొక్కదాన్నే పాక వెనక కూర్చుని చదివాను. చివరికొచ్చేసరికి ఏడుపొచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్దదానివి, అంతే కదా, నువ్వు ఇంత రాయగలవు, నేను రాయలేను అనిపించింది. ఆ కోపం ఎలా ఉంటుందో నీకు తెలియదు. రాసేవాళ్లకు తెలియదు. అందర్నీ పిలిచి గొంతులు పెట్టి చదివాను. నవ్వితే అది మంచి కథ కాకుండా పోతుందనుకున్నాను. నువ్వు కూడా నవ్వేసరికి, గెలిచాననుకున్నాను.

పందొమ్మిదేళ్లు రాయలేదన్నావు. ఆ మాట చదివాక మూడు రోజులు నా మాట ఎవరికీ వినిపించలేదు. మీ అన్నయ్య భయపడి డాక్టరును పిలవనా అన్నారు.

నన్ను క్షమించు వదినా. ఈ వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసి చూశాను. నవ్వు పుట్టించకుండా రాయడం నాకు చేతకాదు, అందుకే పొట్టిగా ఉంది.

కార్డుల సంగతి అడగలేదు గానీ చెబుతాను. బోర్డు మీద ఆ కాగితం పెట్టిన రోజు సాయంత్రం నాలుగు నుంచీ ఆరు వరకు మా గుమ్మంలో నలభైమంది. నిజంగానే చూడటానికి వచ్చారు! సలోమోను అని మన తోట కాపలాదారు, పిల్లల్ని కూడా తెచ్చుకున్నాడు. ‘ఏదైనా మాట్లాడండి అమ్మగారూ’ అన్నాడు. సిగ్గుతో లోపలికి పారిపోయాను. నాగేంద్రమ్మ మాత్రం వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని ‘ఆ కార్డులేవో తెప్పించండి, ఆవిడ్ని పిలిపిద్దాం. తమరు రాయండి, మేం వేలిముద్రలేస్తాం’ అంది. మామిడి సోన అంటిన వేళ్లతోనే వేశారు. కొన్ని కార్డులు జిగురుగా ఉండి ఉంటాయి.

ఆఖరి వారం చూశాను. గోడ కట్టకపోవడం బాగుంది. కానీ పెద్దవాడు ఎందుకు మనసు మార్చుకున్నాడో నాకు అర్థం కాలేదు. చిన్నకోడలు ఒక్క దణ్ణం పెడితే అంతటి మొండివాడు కరిగిపోతాడా? బుల్లెమ్మత్త ఉండి ఉంటే కరిగించేదని నాకు తెలుసు, ఆ లోటు నా వల్లే వచ్చిందనీ తెలుసు. అయినా లోటు లోటే. జాలిపడి బాగుందని రాస్తే నువ్వు కనిపెట్టేస్తావు.

ఇక కొత్తది. రాయి. ఉత్తరాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి, కావలసినంత వాడుకో. ముగ్గు వంకలు, సాంబారు, అన్నీ నీవే. మీ అన్నయ్య గురించి నేనన్న మాటలు మాత్రం వాడకు, ఆయన ఇప్పుడిప్పుడే నా వల్ల జనానికి టీలు తెప్పిస్తున్నారు. వేషానికి సన్నటి మనిషిని వెతకమని శ్రీమన్నారాయణగారికి చెప్పు, మొన్నటావిడ నాకంటే బాగా లావు. రోట్లో ఈసారి పప్పు వేయించు, చప్పుడైతే అయింది.

ఆవిణ్ని మంచిదాన్ని చేసెయ్యకు. అందరూ మెచ్చే మంచి అత్తను నేను గంటసేపు కూర్చుని చూడలేను. తప్పులు చెయ్యనీ. పెద్ద తప్పు ఒకటి చెయ్యనీ, ఎవరినైనా బాగా నొప్పించనీ. ఒప్పుకున్నట్టు ఒక్కసారి చూపించు, చాలు. రెండోసారి చూపించావంటే నమ్మడానికి నూజివీడులో ఎవరూ లేరు.

నీ
హైమ.